తాగని బావమరిది

మా కొట్లో కటింగ్ మాస్టారు తాగుడు మానేద్దామని ఒక శనివారం సాయంత్రం, మానదలచినవాళ్ళు కలుసుకునే చోటికి వెళ్ళి, తాగేవాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునే గదిలో కూర్చున్నాడు. సమావేశం అయ్యేదాకా కూర్చున్నాడు. మధ్యలో లేచి రాలేదు. చివర్లో ఇచ్చిన టీ కూడా తాగాడు.

ఇందులో ఆయన తప్పు మరీ అంత లేదు. ఆ సమావేశాలు జరిగే గ్రంథాలయం మేడమీద ఎదురెదురుగా రెండు గదులున్నాయి. ఒకదాంట్లో తాగుడు మానేవాళ్ళు, రెండోదాంట్లో వాళ్ళవల్ల నిద్ర కరువైనవాళ్ళు ఒకే రోజు, ఒకే వేళకి కూర్చుంటారు. కింద పేపర్లు చదువుకునేవాళ్ళకి ఎవరెందుకొచ్చారో తెలియకూడదని తలుపులకి బోర్డులు పెట్టరు. ఫోన్లో దారి చెప్పినాయన మేడమీద గది అన్నాడు గానీ ఏ వైపో చెప్పలేదు. మాస్టారు రెంటిలోకీ తొంగిచూశాడు. కుడివైపు గదిలో మనుషులు శుభ్రంగా గడ్డాలు గీసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఏదో చెప్పుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. ఎడమవైపు గదిలో అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. ఒకాయన చొక్కా రెండో బొత్తాం మూడో కాజాలో దూర్చుకున్నాడు. ఒకావిడ కుర్చీలోనే కునికిపాట్లు పడుతోంది. తాగి చెడినవాళ్ళు వీళ్ళే అయ్యుండాలని మాస్టారు ఎడమవైపు వెళ్ళాడు. వేసుకున్న బట్టని చూసి మనిషి సంగతి చెప్పేస్తానని ఎన్నో ఏళ్ళుగా మా అందరి దగ్గరా కోతలు కోసే మనిషి.

ఆయన్ని మేం ఎదురుగా మాస్టారనీ, చాటుగా సుద్దముక్క అనీ అంటాం. గుర్తులు గీసే సుద్ద ఎప్పుడూ కుడి చెవి మీద ఉంటుంది. భోజనానికి వెళ్ళినా అక్కడే, పెళ్ళికి వెళ్ళినా అక్కడే. కోటు కోయడంలో చెయ్యి తిరిగినవాడు. మిషన్ల మీద కూర్చునేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు గానీ గుడ్డకి కత్తెర పెట్టే ధైర్యం ఒక్కరికే ఉంటుంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే అతుకు తప్ప దారి లేదు. ఆ ధైర్యానికి మాస్టారు మధ్యాహ్నం పూట కొంచెం, సాయంత్రం పూట బాగా మందు పోస్తూ వచ్చాడు. పొద్దున్నపూట సుద్దగీత వణికేది. వణికిన గీతని కత్తెరతో సరిచేసేవాడు. అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళు కాదు.

అనాల్సివచ్చింది మాత్రం ఒక పెళ్ళికోటు వల్ల. కోటు చేతులు కోసేటప్పుడు గుడ్డని మడతేసి రెండు పొరలూ ఒకేసారి కోస్తే కుడిదీ ఎడమదీ జతగా వస్తాయి. గుడ్డ చాలకపోతే ఒక్కొక్కటీ విడిగా కోయాలి. అలా కోసేటప్పుడు రెండోసారి కాగితం నమూనాని తిరగేసి పెట్టాలి. ఆరోజు భోజనం చేసొచ్చిన మాస్టారు తిరగేయలేదు. రెండూ ఎడమచేతులే వచ్చాయి. కుట్టేవాడు నెత్తీనోరూ బాదుకుంటే, తొడుక్కున్నాక సర్దుకుంటుందిలే అన్నాడట. పెళ్ళికొడుకు సరిచూసుకోడానికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. ఎడమచెయ్యి బాగానే ఉంది. కుడిచెయ్యి ఎవరినో వెనకనించి పిలుస్తున్నట్టు ఉంది. మా ఓనరు ఆ సాయంత్రమే మాస్టారి కత్తెర తీసుకుని బీరువాలో పెట్టి, ఆయన్ని బొత్తాలు కుట్టే బల్ల దగ్గరికి మార్చాడు. పొద్దున్నపూట ఆయన సూదిలో దారం ఎక్కించడం చూడలేక మాలో ఎవరో ఒకరం ఎక్కించి ఇచ్చేవాళ్ళం. ఆయన మొహం తిప్పుకుని తీసుకునేవాడు.

కత్తెర పోయినందుకే మానదలిచాడంటే అబద్ధం. అంతకు కొద్దిరోజుల ముందు ఆయన భార్య కూతుర్ని తీసుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళింది. తమ్ముడు, అంటే మాస్టారి బావమరిది, ఊరికి ఆ చివర కారు నడపడం నేర్పుతాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ అరవలేదు, ఏడవలేదు. బడులు తెరిచేదాకా అక్కడ ఉంటాననీ, అప్పటికీ ఇదే వరసైతే పిల్లని అక్కడి బళ్ళోనే వేసేస్తాననీ మామూలుగా చెప్పిందట. అరిస్తే బతిమాలుకోవచ్చు. మామూలుగా చెప్పిన మాటకి ఏం చేయాలో మాస్టారికి తెలియలేదు. బడి మారిందంటే ఇక ఇల్లు మారినట్టేనని మాత్రం తెలిసింది.

ఆ సమావేశాల సంగతి ఆయనకి డాక్టరు దగ్గర దొరికింది. గోడమీద అంటించిన కాగితంలో ఫోన్ నంబరు ఉంది. పక్కనున్నవాళ్ళు చూస్తారని సెల్లులోకి ఎక్కించుకోకుండా, చెవిమీది సుద్ద తీసి చొక్కా అంచు లోపలివైపు రాసుకున్నాడు. ఇంటికెళ్ళి ఆ చొక్కానే ఇస్త్రీ చేశాడు. వేడి తగిలితే ఆ సుద్ద మాయమవుతుంది, దాన్ని తయారుచేసిందే అందుకు. మర్నాడు మళ్ళీ కడుపునొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. నంబరుతోపాటు ఒక చేదుమందు కూడా వచ్చింది. అదీ తాగాడు పాపం.

అలా మేడెక్కాడు. మెట్ల మీద చెప్పాల్సిన మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడట. నేను తాగుతాను, మానలేకపోతున్నాను. రెండే ముక్కలు. గదిలో ముందు కూర్చున్నావిడ రిటైరైన నర్సు. అందరూ నర్సమ్మ అంటారు. కొడుకు వల్ల ఆ గదికి అలవాటైన మనిషి. ఆవిడ కొత్తమనిషిని చూసి మంచినీళ్ళిచ్చి, "మీ ఇంట్లో ఎవరు బాబూ?" అంది.

మాస్టారు తయారుచేసుకున్న రెండు ముక్కలూ ఆ ప్రశ్నకి అతకలేదు. గదిలో అందరూ జాలిగా చూస్తున్నారు. అంత జాలిగా ఆయన్ని ఎవరైనా చూసి చాలా కాలమైంది.

"మా బావమరిది," అన్నాడు.

ఆ బావమరిది టీ కూడా ముట్టని మనిషి. కారు నేర్చుకునేవాళ్ళు పక్కన కూర్చుని పెట్టే బాధకి కూడా ఏనాడూ ఒక చుక్క తాగి ఎరగడు.

పోనీ, ఆ ఒక్కరోజుతో ఊరుకున్నా బాగుండేది. మాస్టారు మళ్ళీ శనివారం కూడా వెళ్ళాడు. కుడివైపు గదిలోకి వెళ్ళాలనే బయల్దేరేవాడట. మెట్లెక్కగానే ఎడమవైపువాళ్ళు రండి రండని కుర్చీ జరిపేవాళ్ళు. మీ బావమరిది ఎలా ఉన్నాడని అడిగేవాళ్ళు. ఏదో ఒకటి చెప్పాలి కదా. కొత్తగా కల్పించడం ఆయనకి చేతకాదు, ఉన్న గుడ్డతోనే కుట్టాలి. కాబట్టి తను చేసినవన్నీ తీసి బావమరిదికి తొడిగాడు. రెండు ఎడమచేతుల కోటు కూడా. డ్రైవింగ్ నేర్పేవాడు కోటు ఎలా కోశాడని ఎవరూ అడక్కుండా, వాడు అప్పట్లో మా కొట్లో సాయానికి వచ్చేవాడని ఒక అతుకు వేశాడు. బావమరిది మీసం, పైన ఎర్రబోర్డున్న చిన్నకారు, వెనక తలుపుకున్న సొట్ట మాత్రం ఉన్నవున్నట్టే చెప్పాడు.

ఆ గదికి ఆ బావమరిదంటే మంట. అలాంటివాణ్ణి ఇంట్లో ఎలా పెట్టుకున్నారు బాబూ అని ఒకాయన, ఆ పెళ్ళానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి అని ఒకావిడ. మాస్టారు తల ఊపుతూ కూర్చునేవాడు. తనని అంతమంది తిడుతుంటే వినడం ఒకలాంటి హాయిగా ఉండేదట. ఇంటికొచ్చి కూర్చుంటే మాత్రం ఆ మాటలు ఒక్కొక్కటే బావమరిదిని వదిలి తన దగ్గరికి నడిచొచ్చేవట.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆ గదిలో ఉన్నవాళ్ళ ముక్కులు మామూలు ముక్కులు కావు. తలుపు తీయకముందే గడపలో ఉన్న మనిషి ఏం తాగాడో చెప్పగలరు. అందుకని మాస్టారు శనివారం మానేశాడు. ముందురోజు వాసన మర్నాడుదాకా ఉంటుందని ఎవరో అనగా విని శుక్రవారం కూడా మానేశాడు. ఆదివారం మాత్రం ఆ రెండు రోజుల బాకీ తీర్చుకునేవాడు. పరువు కోసం వారానికి రెండు రోజులు మానిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈలోగా బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. అటువైపు బళ్ళో కాగితాలు తెచ్చిపెట్టానని బావమరిది ఫోన్ చేసి చెప్పాడు. కోపంగా కాదు, ఒక మాట తెలియాలి కదా బావా అన్నట్టు.

ఆ బావమరిది మీదే పిడుగు పడింది. నర్సమ్మ ఏదో పనిమీద ఊరి చివరికి వెళ్ళి, రోడ్డు పక్కన ఎర్రబోర్డు కారు, సొట్ట తలుపు, పక్కసీట్లో మీసం చూసింది. ఆగింది. కారులో ఒక బ్యాంకు మేనేజరుగారు చక్రం పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. నర్సమ్మ అద్దం కిందికి దింపమని, మెల్లగా, అందరు నర్సులూ సూదికి ముందు మాట్లాడేటంత మెల్లగా, "ఒక్కసారి నా మొహం మీదికి ఊదు బాబూ," అంది.

బావమరిది బిత్తరపోయి ఊదాడు. ఇవాళ లేదులే అని ఆవిడ సంతోషించింది. తాను తాగనని అతను చెబితే, అందరూ అలాగే అంటారు నాయనా అంది. నీకోసం మీ బావ వారం వారం వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడని కూడా చెప్పింది. బ్యాంకు మేనేజరు కారు దిగి, మిగతా పాఠం ఇంకోరోజు చూసుకుందామని నడిచి వెళ్ళిపోయాడు.

బావమరిది ఇంటికి వెళ్ళి చిందులు తొక్కాడు. నర్సమ్మ చెప్పిన తన ఘనకార్యాలన్నీ అక్కకి ఏకరువు పెట్టాడు. నేను కోటు కోశానట అక్కా, రెండూ ఎడమచేతులేనట, నా జన్మలో కత్తెరతో గోళ్ళు కూడా సరిగ్గా తీసుకోలేదు అని. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. మాస్టారి తమ్ముళ్ళలా మేం కొట్లో వదినా అని పిలిచే ఆవిడ అంత తక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆరోజు మాత్రం ఆ సమావేశం ఏ రోజు, ఎక్కడ అని రెండే అడిగింది.

ఆ శనివారం మాస్టారు గౌను సంగతి చెబుతున్నాడు. బళ్ళో నాటకంలో పిల్లకి రాణి వేషం. తెల్ల గౌను కావాలి. నాన్న టైలరు కాబట్టి మిగతా పిల్లలకన్నా తనదే బాగుంటుందని అది అందరితో చెప్పుకుంది. గుడ్డ కొన్నారు, కొలతలు తీశారు. రేపు రేపని నాటకం రోజు వచ్చేసింది. పిల్ల బడి బట్టల్లోనే రాణిగా నిలబడింది. మాస్టారు ఇదంతా బావమరిది కూతురి కథగా, బావమరిది చేసిన పనిగా చెబుతున్నాడు. బావమరిది టైలరు ఎప్పుడయ్యాడని అడగాల్సినవాళ్ళు కూడా ముక్కులు తుడుచుకుంటున్నారు.

తలుపు దగ్గర వాళ్ళావిడ నిలబడి ఉంది. ఎప్పటినించో తెలియదు.

మాస్టారు చెప్పేది మధ్యలో ఆపేశాడు. నర్సమ్మ కొత్తావిడని చూసి, పక్కన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అలవాటు ప్రకారం అడిగింది.

"మీ ఇంట్లో ఎవరమ్మా?"

"ముందు ఆయన్ని చెప్పడం పూర్తిచేయనివ్వండి," అంది వాళ్ళావిడ.

అందరూ మాస్టారి వైపు తిరిగారు. అక్కడినించి లేచి వెళ్ళిపోయినా ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు, తలుపు తీసే ఉంది. కోత తప్పినప్పుడు గుడ్డ నాసిదన్న మనిషి, చెయ్యి వణికినప్పుడు ఫ్యాను గాలన్న మనిషి. చెవిమీది సుద్ద తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గౌను కుట్టంది మా బావమరిది కాదు," అన్నాడు చివరికి. "వాడు చుక్క ముట్టడు. అది నా కూతురు. కుట్టంది నేను. ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ నావే."

తప్పు కాజాలో బొత్తాం పెట్టుకునే పెద్దాయన, అయితే మేం ఇన్నాళ్ళూ తిట్టింది నిన్నా అన్నాడు నొచ్చుకుంటూ. కాస్త తగ్గించి తిట్టేవాణ్ణి కదయ్యా అని కూడా అన్నాడు. నర్సమ్మ మాత్రం కోప్పడలేదు. అంత చేటు ముక్కున్న తనని ఇన్ని వారాలు పక్కన కూర్చుని మోసం చేశాడే అని ఆశ్చర్యపోయిందని తర్వాత తెలిసింది. అప్పటికి ఆవిడ చేసిందల్లా లేచి, మాస్టారి మోచెయ్యి పట్టుకుని, వరండా దాటించి, ఎదురుగది తలుపు కొట్టడం. లోపల ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. మీ మనిషి పొరపాటున మా దగ్గరికొచ్చాడు అని అప్పజెప్పి వెనక్కి వచ్చింది. మాస్టారి కుర్చీలో వాళ్ళావిడ కూర్చుని ఉంది.

"ఇప్పుడు చెప్పమ్మా, మీ ఇంట్లో ఎవరు?"

"ఇప్పుడు మీరు దింపొచ్చారే, ఆయనే," అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది.

ఎదురుగదిలో మాస్టారికి ఏం జరిగిందంటే చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. తన వంతు వచ్చినప్పుడు నేను తాగుతాను, మానలేకపోతున్నాను అన్నాడు. ఓస్ అంతేనా అన్నట్టు అందరూ తలలూపారు. జాలిగా ఎవరూ చూడలేదు. ఈ ఒక్కరోజుకి తాగకు, రేపటి సంగతి రేపు చూసుకుందాం అన్నారు, ఆ గదిలో కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే. ఒక లారీ డ్రైవరు, సాయంత్రం కొట్టు మూసే వేళకి నాకు ఫోన్ చెయ్యి, మందు కొట్టు దాటేదాకా మాట్లాడుతూ నడువు అని నంబరు ఇచ్చాడు. ఈసారి సెల్లులోనే ఎక్కించుకున్నాడు. ఇవన్నీ ఆయనే మాకు బొత్తాల బల్ల దగ్గర కూర్చుని, దారం తనే ఎక్కించుకునే ప్రయత్నం చేస్తూ చెప్పాడు. మానేశాక ఆ వణుకు ఇంకా పెరిగింది, అదీ పోతుందని డాక్టరు చెప్పాడట. ఈసారి డాక్టరుకి కడుపునొప్పని చెప్పలేదు.

వదిన వెంటనే ఇంటికి రాలేదు. శనివారాలు ఆ గదికి వచ్చేది, అయిపోగానే బస్సెక్కి తమ్ముడింటికి వెళ్ళిపోయేది. వరండాలో ఎదురుపడితే పిల్ల బాగుందా అంటే బాగుంది అనేది. అంతే. బళ్ళో చేర్పించే కాగితాలు ఇంకా అల్మరాలోనే ఉన్నాయి. తీసుకెళ్ళి ఇవ్వనూ లేదు, చింపనూ లేదు.

అప్పుడు మాస్టారు మళ్ళీ తాగాడు. పెద్ద కారణమేం లేదు. ఒకరోజు లారీ డ్రైవరు ఫోన్ ఎత్తలేదు, మందు కొట్టు దాటలేదు. మర్నాడు పొద్దున్నే, కొట్టు తెరవకముందే, మెట్లమీద కూర్చుని భార్యకి ఫోన్ చేశాడు. పక్కనే తాళం తీస్తున్నాను కాబట్టి విన్నాను. నిన్న తాగాను, నీకు ఎవరూ చెప్పకముందే చెబుదామని చేశాను, అన్నాడు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు నాకు కూడా వినిపించింది. ఎందుకు చెప్పారండీ, ఆవిడకి ఎలా తెలుస్తుంది అని నేనన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి లోపలికెళ్ళి బొత్తాలు ముందేసుకున్నాడు.

ఇక అయిపోయినట్టే అనుకున్నాం. బావమరిదీ అదే అన్నాడట, కాగితాలు ఇవాళే ఇచ్చేద్దాం అక్కా అని. ఆవిడ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగానని ఆయన నోటితో వినడం ఇదే మొదటిసారి అందట. ఎప్పుడూ తనే కనిపెట్టాల్సొచ్చేదట. చొక్కాలు వాసన చూసి, జేబులు వెతికి, ఎవరెవరినో అడిగి. ఆ పని చేసీచేసీ ఒళ్ళు పులిసిపోయిందనీ, దాన్ని ఆయనే చేస్తానంటే తనకి సగం బరువు దిగినట్టేననీ చెప్పి, కాగితాలు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. ఇవి నాకెందుకని అతనంటే, దేనికైనా చిత్తు కాగితాలుగా వాడుకో అంది.

బడులు తెరిచే ముందురోజు మధ్యాహ్నం ఎర్రబోర్డు కారు మా వీధిలోకి వచ్చింది. మాస్టారి ఇల్లు ఎదురువరసలోనే, మందు కొట్టు దాటగానే, మా కిటికీలోకి కనిపిస్తుంది. పిల్ల దిగి సరాసరి లోపలికి పరిగెత్తింది. వదిన సంచులు దింపింది. సుద్ద చెవిమీద పెట్టుకుని మాస్టారు వీధి దాటి వెళ్ళి పెద్ద సంచి అందుకున్నాడు. ఆవిడ ఆయన చొక్కా కాలరు సరిచేసే వంకతో ఒక్క క్షణం దగ్గరగా వంగింది. మేమంతా కిటికీలోంచి చూస్తున్నాం. కాలరు సరిగానే ఉంది. ఆవిడ మొహం చూస్తే ముక్కుకి కూడా అంతా సరిగానే తోచినట్టుంది.

బావమరిది మాత్రం కారు తలుపు ధడాలున వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చాలారోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"నీ సంసారం బాగుపడింది, సంతోషం బావా. మరి నా సంగతి? ఆ నర్సమ్మ ముందు ఊదించింది, తర్వాత కాదని తెలిసి వచ్చి క్షమించమంది. ఆ మాట మాత్రం ఎవరికీ ఎక్కలేదు. ఆ బ్యాంకాయన ఊరంతా చెప్పాడు. ఇప్పుడు కనిపించినవాళ్ళల్లా భుజం తట్టి, మానేశావటగా, చాలా గొప్ప పని చేశావు అంటున్నారు. నేను అసలు తాగితే కదా మానడానికి! ఎవరికని చెప్పను, ఎలా చెప్పను?"

మాస్టారు సంచి గుమ్మంలో దింపి, ఆలోచించి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ ఒక్కరోజుకి తాగకు బావమరిదీ, రేపటి సంగతి రేపు చూసుకుందాం."